సాయంత్రం ఆరు గంటలకు ఫోను

మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి, డిసెంబరు నెలాఖరులో స్నేహితులతో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంఠా కొండ ఎక్కడానికి వెళ్తానని చెప్పినప్పుడు నేను సరే అనలేకపోయాను, వద్దనడానికీ నోరు రాలేదు. ‘ఆలోచించి చెబుతానమ్మా’ అన్నాను. ఆ ఆలోచనకు నెల రోజులు పట్టింది.

మాది కోనసీమ. గౌతమికీ వశిష్ఠకూ నడుమ, సముద్రం కంటే నాలుగు మెట్లు పైన ఉందో లేదో అన్నంత పల్లపు నేల. మా ఊళ్లో అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఏటిగట్టు. మనిషి ఎక్కడికి వెళ్లినా కాలవ గట్టు పట్టుకుని నడిస్తే ఏదో ఒక లాకు దగ్గరికో, రేవు దగ్గరికో చేరతాడు. చీకటి పడినా కొబ్బరితోట వెనక ఎవరింటి దీపమో కనపడుతుంది. మాకు వరద భయం తెలుసు, 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకు గాలి భయమూ తెలుసు. కానీ కొండల్లోకి నడిచి వెళ్లిన మనిషి తిరిగి రాకపోవడం, ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేకపోవడం మా నేల మీద పుట్టే భయం కాదు. అందుకే దాన్ని చదివి తెలుసుకోవలసి వచ్చింది.

రాత్రి భోజనాలయ్యాక కూర్చుని అలాంటి సంఘటనల గురించి దొరికినవన్నీ చదివాను. చదివేకొద్దీ ఒక సంగతి నా మనసులో బలపడింది. అంతుచిక్కని మరణాలని మనం పేరు పెట్టేవాటిలో చాలావాటికి మూలం ఎవరూ చూడని కొన్ని గంటలే. ఆ మనిషి చివరిసారి ఇంకొకరి కంటపడిన ఘడియకూ, వెతకడానికి మొదటి మనిషి బయలుదేరిన ఘడియకూ మధ్య ఉండే ఖాళీ అది. దయ్యాలూ, గ్రహాంతర వాసులూ, రహస్య ఆయుధాలూ వచ్చి కూర్చునేది ఆ ఖాళీలోనే.

ప్రపంచమంతా చెప్పుకునే ఉదంతం రష్యాలోని ఉరల్ పర్వతాలది. 1959 జనవరిలో ఈగర్ ద్యాత్లోవ్ అనే యువకుడి నాయకత్వంలో, ఎక్కువగా స్వెర్‌దలోవ్‌స్క్ నగరంలోని ఉరల్ పాలిటెక్నిక్ విద్యాసంస్థలో చదువుతున్నవారూ చదివినవారూ కలిసి, పది మంది స్కీలతో మంచు యాత్రకు బయలుదేరారు. ఒకరు ఒంట్లో బాగోలేక మధ్యలోనే వెనక్కి వచ్చేశారు. మిగిలిన తొమ్మిది మంది ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి ఖోలాత్ స్యాఖ్ల్ అనే కొండ వాలు మీద గుడారం వేసుకున్నారు. ఆ రాత్రే గుడారాన్ని లోపలి నుంచి కోసుకుని, చాలామంది కాళ్లకు జోళ్లయినా లేకుండా, చీకట్లో పల్లానికి నడిచిపోయారు. దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో ఒక పెద్ద చెట్టు కింద మంట వేసిన ఆనవాళ్లూ ఇద్దరి దేహాలూ దొరికాయి. ఆ చెట్టుకీ గుడారానికీ మధ్య, తిరిగి పైకి వెళ్లబోయినట్టుగా ముగ్గురివి దొరికాయి. తక్కిన నలుగురివి మే నెలలో, చెట్టుకు కొద్ది దూరంలోని వాగు లోయలో, మంచు అడుగున బయటపడ్డాయి. ఆరుగురు చలికి పోయారనీ ముగ్గురు బలమైన దెబ్బలకు పోయారనీ పరీక్షల్లో తేలింది. మనుషులు తట్టుకోలేని ఏదో ప్రకృతి శక్తి కారణమన్న అర్థంలో ఒక మాట రాసి, అప్పటి దర్యాప్తు ఫైలు మూసేసింది. అరవై ఏళ్ల పుకార్లకు ఆ ఒక్క మాటే విత్తనమైంది.

పుకార్ల జోలికి నేను పోను. ఆ ఉదంతంలో నన్ను ఆపేసినవి రెండున్నాయి. ఒకటి తారీఖులు. వాళ్లు ఫిబ్రవరి 12 నాటికి ఊరు చేరి టెలిగ్రాం ఇవ్వాలి. కొంచెం ఆలస్యం కావచ్చని ముందే అనుకోవడం వల్ల ఆ రోజు ఎవరూ కంగారు పడలేదు. బంధువులు పట్టుబట్టాక 20వ తేదీన వెతుకులాట మొదలైంది, 26న గుడారం కనిపించింది. రెండోది బట్టలు. ముందు పోయినవారి ఒంటి మీది బట్టలను కోసి, బ్రతికున్నవారు తమకు చుట్టుకున్నారు. ఆ చలిలో, ఆ చీకట్లో, పక్కనే పోయిన స్నేహితుడి చొక్కా విప్పి ఇంకొకరికి కప్పిన చేతులు మతి తప్పిన మనిషి చేతులు కావు. వాళ్లు చివరి వరకూ ఒకరి కోసం ఒకరు పనిచేశారు. ఈ సంగతిని వదిలేసి, శవాల రంగు గురించీ ఆకాశంలో వెలుగుల గురించీ పేజీలకు పేజీలు రాసినవాళ్ల మీద నాకు కోపం వచ్చింది.

2020 జులైలో రష్యా ప్రాసిక్యూటర్లు ఇది హిమపాతం వల్ల, అంటే కొండ వాలు మీది మంచు విరిగి జారిపడటం వల్ల, జరిగిందని ప్రకటించారు. 2021 జనవరిలో యొహాన్ గోమ్, అలెగ్జాండర్ పుజ్రిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్ నుంచి ఒక లెక్క కట్టి చూపించారు. గుడారం కోసం వాలును కొంత తవ్వడం, పైనుంచి వీచే గాలి గంటల తరబడి మంచును తెచ్చి పోగేయడం, అప్పుడు ఒక గట్టి మంచు పలక జారి పడుకున్నవారి మీద పడటం, ఇంత చిన్న జారుడుకైనా పక్కటెముకలు విరగగలగడం వారు వివరించిన వరుస. గుడారం వదిలిన తర్వాత జరిగినదంతా తాము చెప్పగలమని వారు అనలేదు. నాకు ఆ వినయం నచ్చింది. చనిపోయినవారి బంధువుల్లో చాలామంది ఈ వివరణకు ఒప్పుకోలేదు. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు.

మంచులో దొరికిన దేహాల మీద బట్టలు లేకపోవడం ఇలాంటి కథలన్నిటిలోనూ పెద్ద వింతగా చెబుతారు. వైద్యులకు అది వింత కాదు. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే మొదట వణుకు వస్తుంది, ఇంకా పడిపోతే ఆ వణుకూ ఆగిపోతుంది. అంతవరకూ రక్తాన్ని లోపలికి బిగించి పట్టుకున్న చర్మపు నాళాలు ఓపిక చచ్చి ఒక్కసారిగా సడలిపోవడంతో, గడ్డకట్టుకుపోతున్న మనిషికి ఒళ్లు మండిపోతున్నట్టు అనిపించి, ఉన్న బట్టలు తీసిపారేస్తాడు. ఆ తర్వాత ఏదైనా ఇరుకు సందులోకో, పడిపోయిన మాను కిందికో దూరి ముడుచుకుంటాడు. వెతికేవారి కంటికి అందుకే ఆనడు. మన వైపు రోహిణి కార్తెలో వడదెబ్బ తగిలిన మనిషి చెమట ఆగిపోయి, నాకేం కాలేదంటూ పొంతన లేని మాటలు మాట్లాడటం చూసినవారికి ఇది నమ్మడం కష్టం కాదు. ఎండైనా చలైనా ముందు దెబ్బతీసేది బుద్ధినే. ఎత్తు కూడా అంతే. 2,500 మీటర్లు దాటాక తలనొప్పితో మొదలై, తాగినవాడిలా తూలడం, ఉన్న చోటు తెలియకపోవడం దాకా వస్తే, వెంటనే కిందికి దించకపోతే ప్రాణం దక్కదు. అలాంటి మనిషి దారి వదిలి ఎందుకటు వెళ్లాడని అడిగితే ఎవరు జవాబు చెబుతారు?

దారి తప్పడం అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. నా పందొమ్మిదో ఏట తాళ్లరేవులో మా మేనత్తగారింటికి వెళ్లినప్పుడు, మా బావా నేనూ ఎవరిదో చిన్న నావ తీసుకుని కోరింగ మడ అడవిలోకి వెళ్లాం. పోటు మీద లోపలికి పోవడం సుఖంగానే ఉంది. రెండు మూడు పాయలు మారాక వెనక్కి తిరిగితే అన్నీ ఒకేలా ఉన్నాయి: రెండు పక్కలా అంతే ఎత్తు మడచెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు, మలుపు తర్వాత మలుపు. నీటి మీదికి ఒరిగిన ఒక చెట్టు కొమ్మకు చిరిగిన నీలం నైలాను వల ముక్క చిక్కుకుని ఉంది. దాన్ని దాటి చాలా దూరం తెడ్డు వేశాం, మళ్లీ అదే వల ముక్క ఎదురైంది. మూడోసారి అది కనిపించినప్పుడు మా బావ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం మాట్లాడుకోవడం మానేసి, ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా తెడ్డు వేశాం. అరచేతులు బొబ్బలెక్కి ఆగాం తప్ప తెలివి వచ్చి ఆగలేదు.

చీకటి పడబోతుండగా పీతల కోసం వచ్చిన ఒక పెద్దాయన మమ్మల్ని చూశాడు. తిట్టలేదు. నీళ్లిచ్చి, మా నావ తాడు తన నావకు కట్టుకుంటూ, ‘దారి తప్పేమనిపిస్తే తెడ్డు ఎత్తేయాలండి బాబు. తిరిగినకొద్దీ లోపలికే పోతారు. నీరు తీసేదాకా కూర్చుంటే, ఆ నీరెటు పోద్దో అటే సముద్రవండి’ అన్నాడు. అని, ఒక మడాకు తుంచి నీటి మీద వేశాడు. ఆ ఆకు కాసేపు ఉన్నచోటే మెల్లగా తిరిగి, తర్వాత పాటు లాగడంతో మా వీపుల వైపుకు, మేము ఎటు నుంచి వచ్చామో అటే, బయలుదేరింది. మేము దారికి సరిగ్గా ఎదురుదిక్కులో గంటల తరబడి శ్రమపడ్డాం.

మనిషి గుర్తులేని చోట గుండ్రంగా తిరుగుతాడన్నది ఊరికే అనే మాట కాదు. 2009లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు కొందరిని జర్మనీ అడవిలోనూ ట్యునీసియా ఎడారిలోనూ నేరుగా నడవమని చెప్పి, జి.పి.ఎస్. పరికరాలతో వారి జాడలు గీశారు. సూర్యుడో చంద్రుడో కనిపిస్తున్నంతసేపు నడక నేరుగానే సాగింది. మబ్బు పట్టాక, నేరుగా పోతున్నామనుకుంటూనే తమ అడుగులను తామే దాటారు.

అయితే ఉన్నచోట ఆగడం కూడా అన్నిసార్లూ కాపాడదు, ఆ సంగతి దాచకూడదు. 2013 జులైలో అమెరికాలో అప్పలాచియన్ కాలిబాట మీద నడుస్తున్న 66 ఏళ్ల మహిళ ఒకరు, మెయిన్ రాష్ట్రంలో, కాలకృత్యాల కోసం దారి దిగి అడవిలోకి వెళ్లి, తిరిగి దారి కనుక్కోలేకపోయారు. భర్తకు పంపిన సందేశాలు సిగ్నల్ లేక ఒక్కటీ చేరలేదు. ఆమె చివరికి ఒక చోట గుడారం వేసుకుని ఉండిపోయారు, పుస్తకంలో రోజూ రాసుకున్నారు. ఆ రాతలను బట్టి తప్పిపోయాక సుమారు నాలుగు వారాలు జీవించి ఉన్నారు. వెతికే బృందాలు ఆమె ఉన్న చోటికి చాలా దగ్గరగా వచ్చి వెళ్లాయని తర్వాత తేలింది. 2015 అక్టోబరులో గుడారం దొరికింది. అది కాలిబాటకు మూడు కిలోమీటర్లు కూడా లేదు. నా దేహం దొరికినప్పుడు మా ఆయనకూ మా అమ్మాయికీ చెప్పండి అన్న అర్థంలో ఆమె రాసుకున్న కాగితం గురించి చదివిన రాత్రి నేను ఇక ఏమీ చదవలేకపోయాను.

2014 ఏప్రిల్ 1న పనామాలోని బోకేతె దగ్గర అడవి దారిలో నడిచి వెళ్లిన ఇద్దరు డచ్ యువతులూ ఆ సాయంత్రం నుంచే అత్యవసర నంబర్లకు ఫోన్ చేస్తూ వచ్చారు; సిగ్నల్ లేదు. పది వారాల తర్వాత ఒక ఏటి ఒడ్డున వారి సంచి దొరికింది. అందులోని కెమెరాలో ఏప్రిల్ 8 తెల్లవారుజామున చీకట్లో తీసిన దాదాపు 90 ఫొటోలున్నాయి. ఎక్కువ ఫొటోల్లో నల్లటి చీకటి, ఆకులు, రాళ్లు తప్ప ఏమీ లేవు. ఆ ఫొటోల మీద ఇంటర్నెట్‌లో జరుగుతున్న ఊహాగానాలను చూస్తే, ఆ పిల్లల తల్లిదండ్రులు కూడా ఇవే పేజీలు చదువుతారన్న ధ్యాస ఎవరికీ ఉన్నట్టు లేదు. నాకైతే ఆ ఫ్లాష్ వెలుగులు ఎవరైనా చూడకపోతారా అని చీకట్లోకి పంపిన పిలుపుల్లాగే తోచాయి.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. హిమాచల్‌లోని పార్వతి లోయలో 1990ల నుంచి ఎందరో విదేశీ యాత్రికులు ఆచూకీ లేకుండా పోయారు. అక్కడ కొన్ని కేసుల్లో మనుషుల చేతులున్నాయన్న అనుమానం బలంగా ఉంది. ప్రకృతి మీద నెట్టేసి ఊరుకోవలసిన విషయం కాదది, పోలీసులు తేల్చవలసింది. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ దారిలో మంచు తుపానులో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్లిన 22 మంది బృందంలో 9 మంది చనిపోయారు. ఇక రూప్‌కుండ్ సంగతి వేరు. అదే రాష్ట్రంలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చిన్న నీటి గుంటలో వందల అస్థిపంజరాలున్నాయి. అందరూ ఒకేసారి వడగళ్ల వానకు పోయారని చాలాకాలం చెప్పుకున్నారు. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకుని 2019లో ప్రచురించిన పరిశోధనలో 38 మంది ఎముకల డి.ఎన్.ఎ. చదివితే, 23 మంది మన ఉపఖండం వారనీ, సుమారు పన్నెండు వందల ఏళ్ల కిందటి వారనీ, 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతపు మూలాలున్నవారనీ, వాళ్లు పోయి రెండు వందల ఏళ్లు మాత్రమే అయిందనీ తేలింది. ఆ పద్నాలుగు మంది అంత దూరం నుంచి అక్కడికి ఎందుకొచ్చారు? ఇక్కడ మాత్రం అంతుచిక్కనిది అన్న మాటను నేను మనస్ఫూర్తిగా వాడతాను.

తెలుగువాళ్లం మల్లి మస్తాన్ బాబును మరచిపోలేం. నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం అనే పల్లెలో పుట్టి, 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కిన మనిషి ఆయన. 2015 మార్చి 24 తర్వాత, అర్జెంటీనా చిలీ సరిహద్దులోని ఆండీస్ పర్వతాల్లో ఆయన నుంచి కబురు ఆగిపోయింది. ఏప్రిల్ మొదటి వారంలో దేహం కనిపించింది, ఆ నెలాఖరులో స్వగ్రామానికి చేరింది. అంతటి అనుభవజ్ఞుణ్ణే వాతావరణం వదల్లేదని ఒక భయం. అయినా ఆయన కన్నతల్లి దగ్గరికి ఆయన తిరిగి వచ్చాడని ఒక ఊరట. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమలలో కనపడకుండా పోతే, రాష్ట్ర యంత్రాంగం మొత్తం కదిలినా మరునాడు ఉదయానికి గానీ జాడ తెలియలేదు. ఒంటరిగా నడిచి వెళ్లిన మామూలు మనిషిని వెతకడం ఎంత కష్టమో అప్పుడే అర్థం కావలసింది.

దేహం దొరకడం ఎంత పెద్ద విషయమో గోదావరి వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటక పడవ మునిగినప్పుడు, అది లోతు నీటి అడుగున 37 రోజులు ఉండిపోయింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం తాళ్లూ లంగర్లూ వేసి అక్టోబరు 22న దాన్ని పైకి లాగింది. లోపల ఇంకా దేహాలున్నాయి. అన్నాళ్లూ ఏటి ఒడ్డున నిలబడ్డవారిలో ఎవరూ ఎందుకు మునిగిందని అడగడానికి రాలేదు. మా వాణ్ణి మాకు ఇవ్వండి అని అడగడానికే వచ్చారు. దేహం దొరకకపోతే దర్భలతోనో మోదుగాకులతోనో మనిషి ఆకారం చేసి దహనం చేసే పద్ధతి మన శాస్త్రంలో ఉంది. కానీ ఏ రోజున? ఆ రోజును ఎవరు నిర్ణయిస్తారు? ఏడేళ్లు కబురు లేకపోతే మరణించినట్టు భావించవచ్చని పాత సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పింది, కొత్త చట్టంలోనూ అదే ఉంది. ఏడేళ్ల పాటు ఒక ఇల్లాలు బొట్టు పెట్టుకోవాలో వద్దో తెలియకుండా ఉండటం ఏ రహస్య కథలోనూ రాయరు.

నెల తర్వాత అమ్మాయికి ఫోన్ చేసి వెళ్లమన్నాను. అయితే కొన్ని అడిగాను. గుంపును వదిలి ఒంటరిగా కాలిబాట దిగకూడదు, కాలకృత్యాలకైనా ఒకరికి చెప్పి, సంచి దారి మీదే పెట్టి వెళ్లాలి. మెడలో ఈల ఉండాలి. ఆపదలో మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదాలి. తలనొప్పి వస్తే దాచకూడదు. ఉపగ్రహ ఫోన్లు మన దేశంలో అనుమతి లేకుండా వాడకూడదు కనుక, ఇంట్లో ఒక కాగితం ఉండాలి: ఏ దారి, ఏ రాత్రి ఎక్కడ మకాం, వెంట ఎవరు, ఎప్పుడు కిందికి దిగుతారు. తప్పిపోయినవారి గురించి ఫిర్యాదు ఇవ్వడానికి 24 గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదని కూడా చెప్పాను. తను విసుక్కోలేదు. తన చేత్తోనే రాసి ఫొటో పంపింది. దాన్ని ప్రింటు తీయించి హాల్లో క్యాలెండరు పక్కన అంటించాను. చివరి వరుసలో ఇలా ఉంది: ‘27వ తేదీ సాయంత్రం 6 గంటలకు కొండ కింది ఊరు సాంక్రి నుంచి ఫోన్ చేస్తాను. 7 వరకూ రాకపోతే ఈ నంబర్లకు చేయండి నాన్నా.’

27వ తేదీన ఆరు గంటలకు ఫోను రాలేదు. ఆ ధనుర్మాసపు సాయంత్రం మా ఆవిడ తులసికోట దగ్గర దీపం పెట్టి లోపలికి వచ్చి, ఏమీ అడగకుండా, కాగితం ముందున్న కుర్చీలో కూర్చుంది. నేను మొదటి నంబరు నొక్కి పెట్టుకుని, గడియారం చూస్తూ నిలబడ్డాను. ఆరున్నరకు వీధిలో ఎవరో పలకరిస్తే బదులివ్వలేకపోయాను. ఆరూ నలభైకి ఫోను మోగింది. ‘ఇక్కడ సిగ్నల్ లేదు నాన్నా, హోటలువాళ్ల ఫోన్ అడిగి చేస్తున్నాను’ అంది. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, ‘అన్నం తిన్నావా?’ అని అడిగింది.